గ్రంథాలయ సంఘం మొదలైంది

తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం ఆఖరి పీరియడ్ అయ్యాక మన బడి గ్రంథాలయ సంఘానికి ఏడుగురు పిల్లలు వ్యవస్థాపక సభ్యులుగా సంతకాలు పెట్టారు. ఏడుగురే ఎందుకని కొందరు అడిగారు. మన రాష్ట్రంలో ఒక సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించాలంటే కనీసం ఏడుగురు ఉండాలి. మనకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, పద్ధతి ఇప్పుడే తెలిస్తే నష్టమేముంది?

గంటసేపూ నియమాల మీదే గడిచింది. చందా నెలకు ఐదా, పదా అని గట్టిగా వాదించుకున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "కట్టలేనోళ్లకు పుస్తకం ఇయ్యరా?" అంది. చందా మాటే కొట్టేశారు. మినిట్స్ రాస్తున్న అబ్బాయి 'అందరూ ఒప్పుకున్నారు' అని రాస్తే, పక్కవాడు దాన్ని కొట్టించి 'ఇద్దరు ఒప్పుకోలేదు' అని రాయించాడు. నాకు అది బాగా నచ్చింది.

సర్టిఫికెట్ ఇస్తారా, మా బాబును ప్రెసిడెంట్ చేస్తారా అని ఫోన్లు వస్తున్నాయి. సర్టిఫికెట్ లేదు. పదవులకు ఏటా జూన్‌లో ఎన్నిక ఉంటుంది, అందులో మొదటి ఏడుగురికీ ప్రత్యేక హక్కేమీ ఉండదు. రిజిస్టర్ మొదటి పేజీలో పేరుంటుంది, అంతే. ప్రస్తుతానికి వాళ్ల పనల్లా పుస్తకాలకు నంబర్లు వేయడం, బీరువా తుడవడం, తాళం చెవి పోకుండా చూసుకోవడం.

వచ్చే నెల పిల్లలను హనుమకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయానికి తీసుకెళ్తున్నాం. అది 1904లో పుట్టింది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో మొదలైతే, మూడేళ్లకే మన ఊళ్లోనూ వెలిసిందన్నమాట. నిజాం కాలంలో సర్కారు కొలువులు ఉర్దూలో నడిచేవి. అలాంటప్పుడు తెలుగు పుస్తకాల కోసం నలుగురు కూడి ఒక సంస్థ పెట్టడమంటే చిన్న విషయం కాదు. మీలో చాలామంది ఆ దారిలో రోజూ పోతూ కూడా లోపలికి అడుగుపెట్టి ఉండరు. వీలైతే మీరూ రండి.

అనుమతి పత్రం డైరీలో పెట్టి పంపాం, శుక్రవారంలోగా సంతకం చేసి పంపండి. ఇంట్లో చదివేసిన కథల పుస్తకాలుంటే ఇవ్వండి. పాత గైడ్లు, టెస్ట్ పేపర్లు మాత్రం దయచేసి వద్దు, స్టోర్ రూమ్‌లో ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు