వార్షిక నివేదిక 2025–26: సంఘం మెయిల్, స్పామ్ వడపోత

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం మెయిల్ సర్వర్‌లో స్పామ్ వడపోత ఎక్కించడం ఒక పూట పని. మనం వాడుతున్న స్పామ్‌అసాసిన్ అనే సాఫ్ట్‌వేర్ 2001 నుంచీ ఉన్నది, ఉచితం. బెంగళూరు కె.ఆర్.పురంలో మనవళ్ల దగ్గర ఉంటున్న పెద్దాయన గానీ, మారతహళ్లిలో ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముకునే అక్కగారు గానీ ఎవరినీ అడక్కుండా దాన్ని వాడుకోగలిగేలా చేయడానికే ఏడాదంతా పట్టింది. ఉగాది, సంక్రాంతి కార్యక్రమాల జమాఖర్చులు విడిగా జతపరిచాం. ఇక్కడ చెప్పేదంతా ఈ మెయిల్ పని గురించే.

మొదటి రోజు నుంచీ ఒక్క నియమం పెట్టుకున్నాం: వచ్చిన ఉత్తరాన్ని వడపోత అప్పటికప్పుడు చెరిపేయకూడదు. ఒక స్పామ్ ఇన్‌బాక్స్‌లోకి జారితే క్షణం చిరాకు, అంతే. బీమా రెన్యువల్ నోటీసు మాయమైతే ఆ సంగతి పాలసీ ఆగిపోయాక గానీ తెలియదు. సర్వర్‌ను నడిపే హోస్టింగ్ ప్యానెళ్లలో స్పామ్‌ను వచ్చినది వచ్చినట్టే చెరిపేసే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఆపేసి ఉంచాం, ఇకముందు వచ్చే కమిటీ కూడా ముట్టుకోవద్దని మనవి.

పేర్ల దగ్గరే మొదటి చిక్కు

ఇంగ్లీషులో జంక్ వేరు, ట్రాష్ వేరు. తెలుగులోకి తెచ్చేసరికి రెండూ చెత్తే. వెబ్‌మెయిల్ తెర మీద ఒకటి 'చెత్త' అని, ఇంకొకటి 'చెత్తబుట్ట' అని కనిపిస్తే ఎవరైనా తికమకపడతారు. అందుకే 'స్పామ్', 'తీసేసినవి' అని మార్చాం. స్పామ్ అన్న మాట ఇప్పుడు అందరి నోటా ఉన్నదే, దానికి కొత్త తెలుగు మాట పుట్టించే పని పెట్టుకోలేదు. సర్వర్ లోపల మాత్రం ఫోల్డర్ అసలు పేరు జంక్ అనే ఉంచాం. అది మారిస్తే ఫోన్‌లోని యాప్ దాన్ని గుర్తుపట్టక తనకంటూ ఇంకో జంక్ ఫోల్డర్ తెరిచి కూర్చుంటుంది.

మూడో ఫోల్డర్ 'అనుమానం'. స్పామ్‌అసాసిన్ ప్రతి ఉత్తరానికీ మార్కులు వేస్తుంది. మామూలుగా 5 వచ్చినా, దాటినా స్పామ్ అంటుంది. మేం 5 నుంచి 10 లోపు వచ్చినవాటిని అనుమానంలోకి, 10, ఆపైన వచ్చినవాటిని స్పామ్‌లోకి పంపుతున్నాం. ఉత్తరం హెడర్‌లో (పైకి కనిపించని వివరాల్లో) మార్కుకొక నక్షత్రం చొప్పున పడుతుంది, సీవ్ అనే నియమాల భాషలో రాసిన నిబంధన ఆ నక్షత్రాలను చూసి ఉత్తరాన్ని ఫోల్డర్‌లోకి సర్దుతుంది. పది నక్షత్రాల్లో ఐదు కూడా ఉన్నట్టే కదా, అందుకని పది నిబంధన ముందు రాసి, అక్కడే ఆపమని చెప్పాలి. వరస తిరగబడితే అన్నీ అనుమానంలోకే పోతాయి. స్పామ్ ఫోల్డర్‌లోవి 30 రోజులకు పోతాయి, అనుమానంలోవి సభ్యులు తీస్తే తప్ప పోవు.

నేర్పించడం, నేర్పడంలో పొరపాటు

ఈ సాఫ్ట్‌వేర్‌లో బేసియన్ లెక్క ఒకటుంది. మనం ఇది స్పామ్, ఇది మంచిది అని చూపిస్తే మాటల్ని బట్టి నేర్చుకుంటుంది. 200 స్పామ్, 200 మంచి ఉత్తరాలు చూపించేదాకా అది అసలు నోరు విప్పదు. పెద్దవాళ్లకు నెలకు వచ్చేదే నాలుగు ఉత్తరాలు, విడివిడిగా నేర్పితే ఏళ్లు పడుతుంది. కనుక అందరికీ కలిపి ఒకే డేటాబేస్ పెట్టాం. దీనికొక నష్టం ఉంది: ఒకరు విసుగొచ్చి సంఘం సర్క్యులర్‌నే స్పామ్ అని నొక్కితే ఆ మచ్చ అందరి లెక్కలోనూ పడుతుంది. సర్క్యులర్ వద్దనుకుంటే కింద ఉన్న 'ఇక పంపవద్దు' నొక్కండి, దయచేసి స్పామ్ అనకండి.

మంచి ఉత్తరాలు ఎంచేటప్పుడు తెలుగు లిపిలోవి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగువి, అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే కన్నడ నోటీసులు, ఆఫీసు ఇంగ్లీషువి అన్నీ కలిపి వేశాం. చూపించని భాష దానికి తెలియదు. తెలుగు స్పామ్ మాత్రమే చూపించి మంచి తెలుగు చూపించకపోతే, తెలుగు మాటంటేనే స్పామ్ అనుకుంటుంది.

సభ్యులు ఉత్తరాన్ని స్పామ్ ఫోల్డర్‌లోకి జరిపితే, మెయిల్ పెట్టెలను చూసుకునే డవ్‌కాట్ సర్వర్ దాన్ని స్పామ్‌గా నేర్పుతుంది, అక్కడి నుంచి బయటికి తీస్తే మంచిదిగా నేర్పుతుంది. ఇక్కడే దెబ్బతిన్నాం. కొందరు స్పామ్ ఫోల్డర్‌ను శుభ్రం చేద్దామని అందులోవన్నీ ఎంచి 'తీసేసినవి'లోకి జరిపారు. ఇల్లు ఊడ్చినట్టు అది మంచి అలవాటే. సర్వర్‌కు మాత్రం అవన్నీ స్పామ్‌లోంచి బయటపడ్డ మంచి ఉత్తరాల్లా కనిపించాయి. లాటరీలు, నకిలీ రీఫండ్‌లు అన్నిటినీ మంచివిగా నేర్చేసుకుంది. చేరే ఫోల్డర్ ట్రాష్ (మన 'తీసేసినవి') అయితే నేర్పకుండా ఆగమని ఒక షరతు సీవ్ స్క్రిప్టులో చేర్చాం. డేటాబేస్ చెరిపి మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది.

నేర్పే ఆదేశం ఏ యూజర్ పేరుతో నడుస్తుందో, వడపోత కూడా ఆ యూజర్ డేటాబేస్‌నే చూడాలి. లేకపోతే ఒక చోట నేర్పి, ఇంకో చోట పరీక్ష పెట్టినట్టవుతుంది. ఆ నేర్పే ఆదేశం ఎస్ఏ-లెర్న్‌ను డంప్ మ్యాజిక్ ఆప్షన్‌తో నడిపితే ఎన్ని స్పామ్, ఎన్ని మంచివి నేర్చిందో అంకెలు చూపిస్తుంది. సభ్యులు బటన్ నొక్కిన తర్వాత కూడా ఆ అంకెలు కదలకపోతే తప్పు ఇక్కడే.

ఇంకొకటి, సర్వర్ నిర్వహించేవాళ్లకు: డీఎన్‌ఎస్‌గా (పేర్లను బట్టి చిరునామాలు వెతికిపెట్టే సేవగా) 8.8.8.8 లాంటి అందరూ వాడేది పెట్టుకుంటే, స్పామ్ పంపేవాళ్ల నిషేధ జాబితాలైన స్పామ్‌హౌస్ వంటివి సరైన జవాబివ్వవు, వాటి మార్కులు పడవు. అన్‌బౌండ్ అనే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌ను మన సర్వర్‌లోనే ఎక్కించి 127.0.0.1కి, అంటే మన సర్వర్‌కే, మార్చాం.

ఉదయపు జాబితా

అనుమానంలో ఏమేం పడ్డాయో రోజూ ఉదయం ఒక ఉత్తరం వస్తోంది: పంపినవారు, విషయం, సమయం, పెద్ద అక్షరాల్లో. మొదట్లో ప్రతి వరసకూ 'ఇన్‌బాక్స్‌కు పంపు' అని లింకు పెట్టాం. అది పెద్ద పొరపాటు. ఉత్తరంలోని లింకు నొక్కవద్దని ఒక పక్క చెబుతూ, ఇంకో పక్క రోజూ లింకు నొక్కే అలవాటు మనమే చేస్తున్నాం. అచ్చం అలాంటి ఉత్తరమే మోసగాళ్లు తయారుచేయడానికి ఎంతసేపు? లింకులన్నీ తీసేశాం. ఇప్పుడు జాబితా చదవడానికే. కావలసినది ఉంటే వెబ్‌మెయిల్ తెరిచి అనుమానం ఫోల్డర్ చూడాలి. రెండు నొక్కులు ఎక్కువైనా ఇదే క్షేమం. జాబితాలో లింకు కనిపించిందంటే అది మనం పంపినది కాదు.

మన సర్క్యులరే స్పామ్‌లో పడింది

తప్పు మనదే. పంపినవారి చిరునామా జీమెయిల్‌ది, పంపినది మన సర్వర్ నుంచి. ఆ పొంతన లేకపోతే జీమెయిల్ అనుమానించక ఏం చేస్తుంది? సంఘం సొంత డొమైన్ చిరునామాకు మారాం, ఉత్తరం నిజంగా మన డొమైన్‌దేనని చూపే డీకిమ్ సంతకం చేర్చాం. మన పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులు పాతదొకటి, కొత్తదొకటి రెండున్నాయి. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. కలిపి ఒకటి చేశాం.

జీమెయిల్ వాడే సభ్యులకు

ఫోన్‌లో మూడు గీతలు నొక్కి, కిందికి జరిపి స్పామ్ తెరవండి. మనది కనిపిస్తే ఉత్తరం తెరిచి, పైన మూడు చుక్కల్లో 'స్పామ్ కాదు' ఎంచండి. వారానికొకసారైనా చూడండి, అక్కడివి 30 రోజులకు పోతాయి. ఒక చిరునామా ఎప్పటికీ స్పామ్‌లోకి పోకూడదంటే ఫిల్టర్ రాయాలి. అది ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్ బ్రౌజర్‌లో చేయాలి. వెతుకుపెట్టె కుడి చివర ఉన్న గుర్తు నొక్కి, పంపినవారి చిరునామా రాసి, ఫిల్టర్ సృష్టించి, ఎప్పుడూ స్పామ్‌కు పంపవద్దన్న గడిలో టిక్ పెట్టండి. మీ పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ఐదు నిమిషాల పని.

బ్యాంకు పేరుతో వచ్చినవాటికి: వెబ్ చిరునామాలు 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే. డొమైన్ పేరును కుడి చివర నుంచి వెనక్కి చదవండి. బ్యాంక్ డాట్ ఇన్ తర్వాత ఇంకో చుక్క, ఇంకో మాట ఉంటే అది బ్యాంకుది కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాతే మాకు.

మిగిలిన పని

సంఘం మెయిల్‌ను ఇంకా పాప్3 పద్ధతిలో చూస్తున్న సభ్యులు కొందరున్నారు. పాప్3 ఇన్‌బాక్స్‌ను మాత్రమే దించుతుంది, అనుమానం, స్పామ్ ఫోల్డర్లు వాళ్లకు కనిపించనే కనిపించవు. మీ మెయిల్ సెట్టింగ్‌లలో వచ్చే ఉత్తరాల పోర్టు 110 గానీ 995 గానీ ఉంటే మీది పాప్3. పోర్టు 993తో, ఫోల్డర్లన్నీ చూపించే ఐమ్యాప్ పద్ధతికి మారాలి. ముందు కంప్యూటర్‌లోకి దిగిన పాత ఉత్తరాలను భద్రపరచాలి, పాత ఖాతాను తొందరపడి తీసేస్తే అవీ పోవచ్చు. మీరొక్కరే చేయవద్దు. కంప్యూటర్‌గానీ ఫోన్‌గానీ పట్టుకుని సంఘం కార్యాలయానికి రండి, ఎదురుగా కూర్చుని మార్చిపెడతాం.

— కార్యవర్గం, బెంగళూరు