ఇళయరాజాకు ర్యాంకులా?

సంపాదకులకు నమస్కారం. ఇళయరాజా తెలుగు ఆల్బమ్‌లకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసే జాబితాలు ఈ మధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. దాదాపు ప్రతి దాంట్లో 'గీతాంజలి' మొదటి స్థానంలో ఉంటోంది. నాకూ ప్రాణమే అది. కానీ నన్నడిగితే పై మెట్టు 'రుద్రవీణ'దే, ఎందుకంటే 1988లో వచ్చిన ఆ సినిమాలో కథే సంగీతం గురించి, పాట తేలిపోతే సినిమా నిలబడదు, సిరివెన్నెల మాటల బరువుని బాణీ ఎక్కడా నలిపేయకుండా మోసింది, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. అంతకుముందు 'సాగర సంగమం'కీ వచ్చింది, దాన్ని రెండో స్థానంలో పెట్టడానికి నాకు మనసు ఒప్పుకోవట్లేదు, అయినా పెడతాను.

'అభినందన'ని పదో స్థానానికి తోసేయడం మాత్రం అన్యాయం. ఆత్రేయ రాతకు బాలు, జానకి గొంతులు, ఆ బాధ ఇప్పటికీ ఆరలేదు.

ఇంకో మాట. ఈ జాబితాలన్నీ సినిమాల దగ్గరే ఆగిపోతున్నాయి. 1986లో ఆయన త్యాగరాజుకీ జర్మన్ సంగీతకర్త బాక్‌కీ అంకితమిచ్చిన వాద్య సంగీత ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్' సంగతేంటి? అందులో హీరో లేడు, కథ లేదు, వయొలిన్లు మాట్లాడుకుంటాయి. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ క్యాసెట్ టేపు సాగిపోయేదాకా విన్నాం. మీ ఆదివారం సంచికలో దాని గురించి ఒక్క పేజీ వేయండి, ప్లీజ్.

— ఒక పాఠకురాలు, విజయవాడ