బోర్డు మీద వత్తులు తెగకూడదు

అయ్యా,

కొత్త బోర్డుల మీద, ఫోన్ యాప్‌లలో ఒకే మందం గీతతో గుండ్రంగా ఉండే తెలుగు ఫాంట్లు పెరగడం సంతోషం. మన లిపికి అది బాగా నప్పుతుంది కూడా. చిక్కంతా కొలతల్లోనే. ఇంగ్లిష్‌కు సరిపోయే (అక్షరాల సైజుకు) 1.2 రెట్ల వరుస ఎత్తులో తెలుగును ఇరికిస్తే 'రాష్ట్రం'లో ష కింది వత్తులు తెగిపోతాయి. కనీసం 1.5 ఉంచాలి.

మందం సంగతి ఇంకా ముఖ్యం. బోల్డ్ ఎక్కువైతే ప తలకట్టు కింది సందు పూడుకుపోయి దూరం నుంచి వ లాగా కనిపిస్తుంది. ధ కింది చిన్న గీత అక్షరంలో కలిసిపోయి 'ధవళేశ్వరం' కాస్తా 'దవళేశ్వరం' అవుతుంది. వెనక లైటు ఉండే బోర్డుల్లో వెలుగు అంచులు దాటి పరుచుకుంటుంది కాబట్టి ఒక మెట్టు సన్నని రకమే వాడాలి. స్టిక్కర్ కోసేవాళ్లు ఒకదానిమీద ఒకటి పడే గీతలను ముందే వెల్డ్ చేసుకోవాలి, అంటే ఒకే ఆకారంగా కలిపేయాలి. లేకపోతే కత్తి అక్షరం మధ్యలోంచి పోతుంది.

బాలూ తమ్ముడు, హింద్ గుంటూరు అనే తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. టెండర్లలో ఇంగ్లిష్ ఫాంటుతో పాటు తెలుగు ఫాంటు పేరు, మందం కూడా రాయాలి. తయారీకి ముందు 'స్త్రీలు', 'ఫలక్‌నుమా', 'లక్ష్మీపురం' అసలు సైజులో ప్రింటు తీసి, గోడకు అంటించి, జనం చదివే దూరం నుంచి చూడాలి.

- ఒక సైన్‌బోర్డు డిజైనర్, విజయవాడ