విషయం: మీ బ్రెత్ అనలైజర్ గురించి, అంతకు మించి మీ కస్టమర్ కేర్ గురించి

మేనేజర్ గారికి,

ఆర్యా,

నేను చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ తోలుకునే చిన్న లారీ యజమానిని. బండి ఎక్కేముందు డ్రైవర్ల చేత ఊదించడానికి కొన్న మీ మిషను, చుక్క ముట్టని మనిషికి 42 చూపించింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. అతను పట్టుబట్టి ఆ పూటే ఒంగోలులో చేయించుకున్న రక్తపరీక్షలో మద్యం జాడే లేదు. మిషనన్నాక తప్పు చూపవచ్చు. నా బాధ ఆ తర్వాతి సంగతి.

మొదట ఫోనెత్తిన అమ్మాయి ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. తర్వాతి ఆయన, "మిషను చూపిందంటే తాగినట్టే సార్" అని తీర్పు చెప్పారు. ఊదించాక రక్తపరీక్షకు 204వ సెక్షన్‌లో ఆ చట్టమే చోటిచ్చింది గానీ, ఆయన మాత్రం ఇవ్వలేదు. రిపోర్టు వాట్సాప్‌లో పంపితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఇంకొకరు, మౌత్‌వాష్ పుక్కిలించినా అంకె పెరుగుతుందనీ, 15 నిమిషాలు ఆగి ఊదించాలనీ సెలవిచ్చారు. అమ్మిన రోజున ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఆగి ఊదించినా అంకె దిగలేదు.

చివరకు కాలిబ్రేషన్ తప్పిందని తేల్చి, నా ఖర్చుతోనే చెన్నైకి కొరియర్ చేయించారు. ఎంత ఆల్కహాల్ ఉందో ముందే తెలిసిన ఆవిరిని పట్టించి, అంకె సరిపోయిందో లేదో చూసి సర్టిఫికెట్ ఇవ్వడమే కదా కాలిబ్రేషన్ అంటే! తిరిగొచ్చిన పెట్టెలోని కాగితం మీద మీ ముద్ర ఉంది. తేదీ గడి ఖాళీ, రీడింగు గడి ఖాళీ. అడిగితే "తేదీ మీరే వేసుకోండి సార్" అన్నారు. రీడింగు కూడా నన్నే వేసుకోమంటారేమోనని ఫోను పెట్టేశాను.

మీ సరుకు మంచిదని చెప్పి తోటి యజమానుల చేత కూడా కొనిపించినవాణ్ణి నేను. అటువంటివాడికి మీవాళ్లు చివరగా ఇచ్చిన జవాబు, వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడే కారని! స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాడికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. నేనూ స్టీరింగ్ పట్టేవాణ్ణే.

ఈ నెలాఖరులోగా బాధ్యత గల ఒక మనిషి సంతకంతో జవాబు, సక్రమమైన సర్టిఫికెట్ లేదా నా డబ్బు రావాలి. లేకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, ఆ ఖాళీ కాగితంతోనే ఒంగోలు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కుతాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా