కంచు విగ్రహాలకు రంగు పూయొద్దు

సంపాదకులకు,

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులు జయంతి. ఇలాంటి రోజులు దగ్గరపడగానే మన ఊళ్లలో విగ్రహాలకు నిచ్చెనలు ఆనించి బంగారు రంగో వెండి రంగో కొట్టేస్తారు. సిమెంటు బొమ్మకైతే సరే, రంగే దానికి రక్ష. కంచు బొమ్మకు అదే చేటు.

కంచులో ఎక్కువ పాలు రాగి, కొంత తగరం. పోత పోశాక శిల్పి లోహాన్ని వేడిచేసి, రసాయనాలతో ముదురు గోధుమ ఛాయ తెప్పిస్తాడు. మురికని మనం పొరబడేది చాలాసార్లు ఆ ఛాయనే. దానిమీద వేసిన ఎనామిల్ కొన్నేళ్లకే ఎండకు పెచ్చులు లేస్తుంది, వాటి కింద చేరిన వాననీరు ఆరదు. మళ్లీ దానిమీదే ఇంకో పూత. అలా పూత మీద పూత పడి కనురెప్పల గీతలు, కండువా మడతలు పూడిపోతాయి. అతుకు దగ్గర పగులొచ్చినా బయటికి కనబడదు.

పాలాభిషేకాలూ అంతే. పాలు పులిసి ఆమ్లమవుతాయి, అందులోని ఉప్పు లోహాన్ని పట్టుకుంటుంది. చింతపండుతోనో ఇత్తడి పాలిష్‌తోనో తోమితే శిల్పి తెచ్చిన ఛాయ కాస్తా పోతుంది. ఒంటికి గట్టిగా అంటుకున్న పచ్చదనంతో భయం లేదు. గోరు తగిలితే పొడిగా రాలే లేతాకుపచ్చ మచ్చలున్నాయంటే మాత్రం ఉప్పులో ఉండే క్లోరైడ్లు లోహాన్ని తింటున్నట్టే. వాటిని వెంటనే నిపుణులకు చూపించాలి.

చేయాల్సిన పని చిన్నదే. పొద్దున్నే మంచినీళ్లు, ఘాటులేని సబ్బునీళ్లు, మెత్తని బ్రష్‌తో పావురాల రెట్ట, దుమ్ము కడిగి, సబ్బు జిగురు మిగలకుండా జాలించాలి. పూర్తిగా ఆరి, ఎండకు లోహం వెచ్చబడ్డాక మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే మైనం) పలచగా పూసి నూలుగుడ్డతో రుద్దాలి. ఏడాదికొకసారి, వానలకు ముందు చేస్తే చాలు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రెండుసార్లు. అందుకు ఏప్రిల్ ఎండ భేషైనది.

పాదాల దగ్గర నీరు పోయే సన్నని బెజ్జాలుంటాయి. దిమ్మెకు మరమ్మతు చేసేటప్పుడు మేస్త్రీలు వాటిని సిమెంటుతో మూసేస్తుంటారు. నీరు లోపలే నిలిస్తే ఆధారంగా ఉన్న ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, కంచును లోపలినుంచి చీలుస్తాయి. ఇప్పటికే రంగు పడ్డ బొమ్మలకు రంగు కరిగించే జెల్ వాడాలి. అదీ అనుభవమున్నవారి చేతే. ఇసుక జెట్, ఇనుప బ్రష్, గ్రైండర్ దగ్గరికి కూడా రానివ్వకూడదు.

రంగు మానేస్తే మిగిలే డబ్బుతో విగ్రహం కింది ఫలకం బాగుచేయించినా మేలే. ఆవిష్కరించినవారి పేర్లు బారుగా చెక్కించే చోట, 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల పాఠశాల తెరిచారన్న ఒక్క వాక్యానికి చోటు దొరకదా?

మునిసిపల్ ఇంజనీర్లకు విన్నపం: ఈసారి అంచనాల్లో 'పెయింటింగ్' పద్దు కొట్టేసి 'కడగడం, మైనం పూయడం' అని రాయండి. బొమ్మ కంచుదో సిమెంటుదో ముందే తేల్చి ఆ సంగతీ అందులో చేర్చండి.

ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం