నొక్కకముందే చేరిన కుకీలు

ఫ్రాంక్‌ఫర్ట్, ఆదివారం

ప్రియమైన రాఘవా,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. అందరం కులాసా, పాపకు జ్వరం తగ్గింది, అమ్మ పంపిన గోంగూర పచ్చడి చేరింది. మిగతా కబుర్లు తరువాత. మంగళవారం ఆఫీసులో జరిగింది ముందు నీకు చెప్పాలి.

ఒక దుకాణం వెబ్‌సైటుకు మేము కుకీ బ్యానరు తయారు చేస్తున్నాము. కుకీలంటే సైటు మన బ్రౌజరులో దాచే చిన్న సమాచారపు ముక్కలు, వాటికి మన సమ్మతి అడిగే పెట్టే ఈ బ్యానరు. వాళ్లు పంపిన నమూనాలో ‘అన్నీ అంగీకరించు’ బటను పచ్చగా, పెద్దగా ఉంది. వద్దనుకునేవారు మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను ఒక్కొక్కటిగా ఖాళీ చేయాలి. అలాంటి టిక్కు సమ్మతి కాదని, ఆన్‌లైన్ లాటరీ నడిపిన ప్లానెట్49 కేసులో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019 అక్టోబరు 1నే తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్కు, కాదనడానికి అనేక క్లిక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ గోప్యతా సంస్థ సీఎన్ఐఎల్ 2021 డిసెంబరు 31 నాటి నిర్ణయాల్లో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. ఇదంతా చెప్పాను. అంగీకారాలు తగ్గిపోతాయని వాళ్ల ప్రతినిధి బాధపడింది. తగ్గితే తగ్గనీ, అదే కదా జనం అసలు మాట!

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు నడుస్తున్న సైటునే తెర మీద తెరిచి, బ్రౌజరులో లోపల జరిగేది చూపే డెవలపర్ టూల్స్‌లో చూపించాను. ఏ బటనూ నొక్కలేదు. అప్పటికే ప్రకటనల సంస్థల కుకీలు వరుసగా చేరిపోయి ఉన్నాయి. బుట్టలో వేసిన సరుకును గుర్తుంచుకునే కుకీకి సమ్మతి అక్కరలేదు, కాని ఇవి ఆ కోవలోవి కావు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మన హాస్టలు వార్డెను ముందు సంతకం పెట్టించుకుని తరువాత కాగితం నింపిన రోజు నాకు గుర్తొచ్చింది. ఆ సంతకాల ‘ఊదారంగు సిరా’ అన్న మాట నోటిదాకా వచ్చింది, అక్కడ అది ఎవరికి అర్థమవుతుంది, నువ్వు ఉంటే తప్ప! నవ్వు రాలేదు రాఘవా, కోపమే వచ్చింది. ఆ సైటులో బిడ్డకు మందులు వెతికిన తల్లి కూడా ఉండి ఉంటుంది.

రెండు బటన్లూ ఒకే పరిమాణంలో, పక్కపక్కనే ఉంచడానికి చివరికి ఒప్పుకున్నారు. సమ్మతి వచ్చేదాకా ఆ కుకీలను పెట్టే ప్రకటనల స్క్రిప్టులను, అంటే చిన్న ప్రోగ్రాములను, ఆపే పని నాకే అప్పగించారు. గడువు మాత్రం ఇంకా...

నీ మందుల దుకాణం యాప్ సంగతి కూడా అడగాలి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు ఇవ్వాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలి. యాప్ చేసే కుర్రవాడిని ఈ రెండూ అడిగి నాకు రాయి. ట్రామ్ వేళయింది, పాప బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

నీ
శ్రీను