క్లోరిన్ ఉంది సరే, వడపోత ఏది?

సంపాదకుడికి,

గత వారం మీ జిల్లా పేజీలో 'నీళ్లలో క్లోరిన్ సరిపడా ఉంది, ఆందోళన వద్దు' అన్న పురపాలక అధికారుల ప్రకటనను పెద్ద అక్షరాల్లో వేశారు. దాని కిందనే, విరేచనాలతో ఆస్పత్రిలో చేరుతున్న పిల్లల సంఖ్య తగ్గలేదన్న వార్త చిన్న అక్షరాల్లో ఉంది. రెండూ ఒకే పేజీలో ఎలా ఇమిడాయని మీ విలేకరులలో ఒక్కరికీ సందేహం రాలేదా?

కలరా, టైఫాయిడ్ క్రిములను క్లోరిన్ చంపుతుంది. క్రిప్టోస్పోరిడియం (క్లుప్తంగా క్రిప్టో) అనే జీవిని చంపలేదు. పేగుల్లో పెరిగే ఈ ఏకకణ పరాన్నజీవి దళసరి పెంకుతో మలంలో బయటపడి, కుళాయి నీళ్లకు కలిపే మోతాదు క్లోరిన్‌లో రోజుల తరబడి బతుకుతుంది. జియార్డియా, అమీబా అనే మరో రెండు పేగు పరాన్నజీవులు కూడా బాక్టీరియా లొంగినంత తేలిగ్గా లొంగవు. వీటిని ఆపేది నీళ్లను ఇసుక పొరల్లో వడకట్టే ఫిల్టర్ బెడ్డు, అదీ సక్రమంగా పనిచేస్తే. అది లేని ఊళ్లో ఎవరి పొయ్యి మీద వాళ్లు నీళ్లు కాచుకోవడమే. ఆ ఒక్క మాట ప్రజలకు చెప్పడానికి కూడా అధికారులకు నోరు రాలేదు.

1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో సుమారు 4 లక్షల మంది ఈ జీవి వల్లే జబ్బుపడ్డారు. అక్కడా నీళ్లకు క్లోరిన్ కలిపారు. శుద్ధి కేంద్రంలో వడపోత దెబ్బతిని నీళ్లు మసకబారాయి. మొదట అనుమానం పశువుల పేడ మీదికి పోయింది. తర్వాత జన్యు పరీక్షల్లో అది మనుషుల్లో తిరిగే రకమని తేలింది. నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను. రేపు మన వాళ్లూ నేరాన్ని గేదెల మీదికి నెడతారు. గేదెలకు సంబంధం లేదని నేను అనను. పుట్టిన మొదటి మూడు వారాల్లో దూడలకు పట్టే పారుడుకు క్రిప్టో ఒక ముఖ్య కారణం, అది దూడను సాకే మనిషికీ అంటుకుంటుంది. కానీ కాలువకు నీళ్లు ఆపేసే ముందు మన మంచినీటి చెరువులోకి నింపుకొనే ఆ కాలువ నీళ్లలో ఎన్ని ఊళ్ల మురుగు కలుస్తోందో గేదెలు చెప్పలేవు. చెప్పగలిగిన వాళ్లు చెప్పరు.

ఇంతకీ రోగుల మలాన్ని దేనికోసం పరీక్షించారు? క్షయకు కఫం పరీక్షించే రంగుల పద్ధతినే కాస్త మార్చితే క్రిప్టో సూక్ష్మదర్శినిలో ఎర్రగా కనిపిస్తుంది. ఖర్చు తక్కువ, పట్టింపే కావాలి. అదేమీ లేకుండా మందుల దుకాణాల్లో అందరికీ మెట్రొనిడజోల్ మాత్రలు కట్టబెడుతున్నారు. అమీబాకు, జియార్డియాకు అది పనిచేస్తుంది, క్రిప్టోకు పనిచేయదు. ఇక 'పిల్లలకు ఫిబ్రవరిలోనే మాత్రలు వేశాం' అన్న అధికారుల జవాబు మరీ ఘనమైనది. బడిలో మింగించే ఆ ఒక్క ఆల్బెండజోల్ మాత్ర నులిపురుగుల కోసం. అది కూడా తెలియనివారు సమీక్షా సమావేశాలు నడుపుతున్నారు. ఆ సమావేశంలో అధికారుల ముందున్నవి సీసా నీళ్లేనని మీరు వేసిన ఫోటోలోనే కనిపిస్తోంది!

దూడలు చస్తే ఒక శాఖ, పిల్లలు పడకేస్తే ఇంకో శాఖ, నీళ్లు మరో శాఖ. ముగ్గురూ ఒక గదిలో కూర్చోవడం నా ఉద్యోగ కాలంలో వరదలప్పుడు తప్ప చూడలేదు. ఇప్పుడు వరదలొచ్చినా కూర్చుంటారన్న నమ్మకం లేదు. పన్ను నోటీసు మాత్రం ఏ శాఖనూ అడగకుండా నేరుగా ఇంటికే వస్తుంది.

తాగునీటిలో పరాన్నజీవులు ఉండకూడదని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. కనుక క్లోరిన్ లెక్కలు పక్కన పెట్టి, ఫిల్టర్ బెడ్లలో ఇసుక చివరిసారి ఎప్పుడు మార్చారో, వడపోత తర్వాత నీళ్ల మసక ఎంత ఉందో వార్డుల వారీగా బోర్డు మీద రాయించాలి. అంతవరకు మీ పత్రిక కూడా 'ఆందోళన వద్దు' అన్న శీర్షికలు ఆపితే మేలు.

— విశ్రాంత పశువైద్యుడు, కృష్ణా డెల్టా